డాలీవుడ్ గుమ్మడికాయల పండుగకి పెద్దవాళ్ళతో, పిల్లలతో వెళ్ళాలంటే: పొద్దుగూకే వేళ నుంచి వెనక్కి లెక్కేసుకోండి

మీరు అడిగినవన్నీ ఒకచోట పెట్టుకుని రాస్తున్నాను. మీరుండేది అట్లాంటా దగ్గరి ఆల్ఫరెటాలో. ఖమ్మం నుంచి అమ్మగారు, నాన్నగారు వచ్చి ఉన్నారు, నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు. పాపకి నాలుగేళ్ళు, బాబుకి తొమ్మిది. అక్టోబరులో టెనెస్సీలో ఉన్న థీమ్ పార్కు డాలీవుడ్‌కి, అక్కడి గుమ్మడికాయల దీపాల పండుగకి తీసుకెళ్దామనుకుంటున్నారు. అంత దూరం వెళ్ళడం దండగ కాదు కదా, పాప జడుసుకోదు కదా, మాంసం ముట్టని అమ్మగారు ఏం తింటారు, ఒక్క రోజు చాలుతుందా, వచ్చేటప్పుడు గుమ్మడికాయలు తెచ్చుకోవాలా. ఇవే కదా.

నేను నాక్స్‌విల్‌లో పదకొండేళ్ళుగా ఉంటున్నాను. అక్కడి నుంచి పార్కు ఉన్న పిజన్ ఫోర్జ్ సుమారు గంట ప్రయాణం. మా ఇంటికి వచ్చిన చుట్టాలందరినీ ఏటా ఆ సీజన్‌లో తీసుకెళ్ళేది నేనే. మా అత్తయ్యగారు, మామయ్యగారు, మా అమ్మ, మా పిన్ని కుటుంబం, చంకలో పిల్లలతో వచ్చిన స్నేహితులు, అందరితోనూ వెళ్ళాను. అందుకే ఇంత ధైర్యంగా చెప్తున్నాను: తప్పకుండా వెళ్ళండి. కాకపోతే మిగతా థీమ్ పార్కులకి వెళ్ళినట్టు పొద్దున్నే గేటు తీసేసరికి వెళ్ళి నిలబడకండి.

ఇది చీకటి పడ్డాక చూడాల్సిన పండుగ. హార్వెస్ట్ ఫెస్టివల్ పేరుతో సెప్టెంబరులో మొదలై అక్టోబరు చివరి దాకా జరుగుతుంది. పగలంతా పాటలు, చేతిపనులు, తిండి. అందులో భాగంగా 2017 నుంచి రాత్రిపూట గ్రేట్ పంప్‌కిన్ లూమినైట్స్ అని పెడుతున్నారు. బొమ్మలుగా చెక్కిన వేల గుమ్మడికాయల్లో దీపాలు వెలిగిస్తారు. పగలు వాటి ముందు నుంచే నడిచి వెళ్తారు, నారింజ రంగు కాయలు గుట్టలు పోసినట్టు కనిపిస్తాయి, అంతే. పొద్దుగూకాక అవే కాయల్లోంచి గుడ్లగూబలు, సాలీళ్ళు, పువ్వులు, నవ్వే మొహాలు బయటికొస్తాయి. అక్టోబరు మధ్యలో అక్కడ పొద్దుగూకేది దాదాపు 7 గంటలకి, నెలాఖరుకి 6:40 ప్రాంతంలో. మీ రోజు మొత్తాన్ని ఆ వేళ నుంచి వెనక్కి లెక్కేసుకోండి.

మొదటి ఏడు మాకిది తెలియలేదు. అత్తయ్యగారిని, మామయ్యగారిని, మా ఐదేళ్ళ వాణ్ణి తీసుకుని పొద్దున పదింటికల్లా లోపల ఉన్నాం. టికెట్ డబ్బులు గిట్టుబాటు కావాలని ఎక్కడా ఆగకుండా తిరిగాం. ఐదింటికి మామయ్యగారు ఒక బెంచీ మీద కూర్చుని మోకాలు పట్టుకున్నారు, ఇక లేవలేకపోయారు. బాబు ఆయన ఒళ్ళోనే నిద్రపోయాడు. ఆరింటికి వెనక్కి బయల్దేరాం. గేటు దగ్గరికి వచ్చేసరికి తేటగా ముస్తాబై, పిల్లలకి స్వెట్టర్లు తొడిగి లోపలికి వస్తున్న కుటుంబాలు మాకు ఎదురొచ్చాయి. ఏం చూడాలని వెళ్ళామో అది చూడకుండానే ఇంటికొచ్చేశాం. మామయ్యగారు ఆ శీతాకాలమే ఇండియా వెళ్ళిపోయారు, మళ్ళీ ఇటు రాలేదు. ఆ దీపాలు ఆయన చూడలేదన్న బాధ నాకిప్పటికీ ఉంది. అందుకే ఎవరడిగినా ముందు ఈ ఒక్క మాట చెప్తాను.

మీ పద్ధతి ఇలా పెట్టుకోండి. అట్లాంటా నుంచి నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. ముందురోజు మధ్యాహ్నం బయల్దేరి రాత్రికి పిజన్ ఫోర్జ్‌లోనో, సెవియర్‌విల్‌లోనో బస చేయండి. మర్నాడు పొద్దున తీరిగ్గా టిఫిన్లు కానిచ్చి, మధ్యాహ్నం భోజనం చేసి, నాన్నగారిని, పాపని ఓ గంట పడుకోబెట్టండి. పార్కులోకి 3 గంటలకి వెళ్ళండి. మేం వెళ్ళిన ఒక ఏడాది, 3 తర్వాత లోపలికి వెళ్తే మర్నాడు మళ్ళీ ఉచితంగా రానిచ్చే పద్ధతి ఉండేది. ఇప్పటికీ ఉందేమో టికెట్ షరతుల్లో చూసుకోండి. ఉంటే మీ ఒక రోజా రెండు రోజులా అన్న ప్రశ్న దానంతటదే తీరిపోతుంది: మొదటి సాయంత్రం దీపాలు, మర్నాడు పొద్దున బాబుకి రైడ్లు. లేకపోతే పెద్దవాళ్ళకి ఒక్క సాయంత్రమే చాలు. రెండో రోజు మీరో, మీవారో ఒక్కరు బాబుని తీసుకెళ్ళండి.

వారం మధ్యలో వెళ్ళగలిగితే మరీ మంచిది. శనివారాల్లో, అక్టోబరు రెండో సోమవారం సెలవు కలిసొచ్చే మూడు రోజుల్లో, ఇక్కడి బడులకి ఫాల్ బ్రేక్ ఇచ్చే వారాల్లో ఊళ్ళోకి వచ్చే రోడ్డే కదలదు. ఐ-40 హైవే మీద 407 ఎగ్జిట్ దగ్గర దిగాక పార్కు చేరడానికే గంట పైన పట్టిన రోజులున్నాయి. వారంలో కొన్ని రోజులు పార్కు మూసేస్తారు కూడా. గదులు బుక్ చేసేముందు వాళ్ళ క్యాలెండరు చూడండి, ఎన్నింటికి మూస్తారో కూడా చూడండి. ఇది చదివే నాష్‌విల్ వాళ్ళకి ఒక మాట: మీ గడియారం సెంట్రల్ టైము, పిజన్ ఫోర్జ్‌ది ఈస్టర్న్. దారిలో ఒక గంట పోతుంది. షార్లెట్ నుంచి వచ్చేవాళ్ళు బయల్దేరేముందు ఐ-40 పరిస్థితి చూసుకోండి. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపానుకి పిజన్ నది లోయలో ఆ రోడ్డు కొట్టుకుపోయింది. 2025 మార్చిలో ఒక్కో వైపు ఒక్కో వరసతో తెరిచారు.

నాన్నగారి మోకాళ్ళ గురించి. ఫోటోల్లో తెలియదు గానీ డాలీవుడ్ కొండల మధ్య ఉన్న పార్కు, దారులన్నీ ఎత్తుపల్లాలే. దీపాలు ఎక్కువగా పెట్టే టింబర్ కాన్యన్, వైల్డర్‌నెస్ పాస్ వైపు వెళ్ళాలంటే ఎక్కాలి. లోపల వీల్‌చెయిర్లు, కూర్చుని నడుపుకునే ఎలక్ట్రిక్ బండ్లు అద్దెకిస్తారు. "నాకెందుకమ్మా, నడవగలను" అని నాన్నగారు అంటారు, మా మామయ్యగారూ అలాగే అన్నారు. ఆయన మాట విని ఊరుకోకండి. వీల్‌చెయిర్ అయితే ఆ ఎత్తుల్లో తొయ్యడం మీవారికి కష్టం, ఎలక్ట్రిక్ బండి తీసుకోండి. రద్దీ రోజుల్లో అవి తొందరగా అయిపోతాయి, కాబట్టి గేటు దాటగానే మొదటి పని అదే. మా అమ్మ మొదట ససేమిరా అంది, పది నిమిషాల్లో చెయ్యి తిరిగాక మాకంటే ముందు వెళ్ళిపోయింది.

మూడు నుంచి ఆరున్నర దాకా ఏం చేయాలి అంటే, కూర్చుని చూసేవి చూడండి. మొదట రైలు ఎక్కించండి. డాలీవుడ్ ఎక్స్‌ప్రెస్ అసలైన ఆవిరి ఇంజన్ల రైలు. ఆ ఇంజన్లు 1938లో, 1943లో బాల్డ్విన్ కంపెనీ తయారుచేసినవి. ఐదు మైళ్ళు, ఇరవై నిమిషాలు కొండ పక్కగా తిరుగుతుంది. ఆ కూత విని మా అమ్మ చిన్నప్పటి తెనాలి స్టేషను కథలన్నీ మొదలుపెట్టింది. మేం ఎక్కినప్పుడు బొగ్గు నలుసులు జుట్టులో, బట్టల మీద పడ్డాయి, నా కంట్లోనూ ఒకటి పడింది. పెద్దవాళ్ళకి కళ్ళజోళ్ళు పెట్టించండి, పాపని ఇంజనుకి దూరంగా వెనక పెట్టెల్లో కూర్చోబెట్టండి.

రైలు దిగాక పెద్దవాళ్ళకి తప్పకుండా చూపించాల్సింది ఒక చిన్న ఇల్లు. పార్కు పేరు గాయని డాలీ పార్టన్‌ది, ఆమెది ఈ జిల్లాయే. 12 మంది పిల్లల్లో నాలుగో సంతానం. వాళ్ళు పెరిగిన ఇంటికి నకలుని ఆమె తమ్ముడు కట్టగా, వాళ్ళమ్మ సామాను సర్దిందట. రెండడుగుల్లో అయిపోయే ఇల్లు. ఒక మంచం, పొయ్యి, గోడకి తగిలించిన గిన్నెలు. జనం ఒక నిమిషం చూసి వెళ్ళిపోతారు. మా అమ్మ మాత్రం తలుపు కమ్మీ పట్టుకుని చాలాసేపు నిలబడింది. "మేమూ తొమ్మిది మందిమే కదే, ఇంతే ఇంట్లో" అంది. పార్కులోనే ఉన్న ఒక చిన్న ప్రార్థనాలయానికి డాక్టర్ రాబర్ట్ థామస్ పేరు పెట్టారు. డాలీకి పురుడు పోసింది ఆయనే. ఫీజుగా పార్టన్ దంపతులు ఒక సంచి మొక్కజొన్న పిండి ఇచ్చారు. ఈ సంగతి తెలుగులో చెప్పండి. ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరుకి వడ్లు కొలిచిచ్చిన కాలం ఎరిగిన వాళ్ళు ఆ పార్కుని వేరే కళ్ళతో చూస్తారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. డాలీ నాన్నకి చదవడం, రాయడం రాదు. ఆ బాధతోనే ఆమె 1995లో ఈ జిల్లాలో ఇమాజినేషన్ లైబ్రరీ మొదలుపెట్టింది. పుట్టినప్పటి నుంచి ఐదేళ్ళు నిండేదాకా పిల్లల పేరు మీద నెలకో పుస్తకం ఉచితంగా ఇంటికి పంపుతారు. మీ ప్రాంతంలో ఉందేమో చూసి పాపని నమోదు చేయించండి, ఇంకో ఏడాది వస్తాయి. మా చిన్నవాడు అక్షరాలు నేర్చుకున్నది ఆ పుస్తకాలతోనే.

క్రాఫ్ట్స్‌మన్స్ వ్యాలీ అనే వీధిలో కమ్మరి, గాజు ఊదేవాళ్ళు, కొవ్వొత్తులు పోసేవాళ్ళు కళ్ళ ముందే పనిచేస్తారు. బాబుకి అది బాగా నచ్చుతుంది. అయితే ఆ వీధి పొడుగునా ఎత్తే, నాన్నగారి బండి ఉంటేనే వెళ్ళండి. ఆ వీధి ఎత్తు మీద, ఎగరలేని గద్దల్ని పెంచే ఆశ్రయం ఉంది, పెద్ద వలల వెనక తెల్లతల గద్దలు కొమ్మల మీద కూర్చుని ఉంటాయి. హాళ్ళలో పాటల కార్యక్రమాలు నడుస్తుంటాయి, ఈ పండుగ రోజుల్లో సువార్త పాటల బృందాలు ఎక్కువ. మాటలు అర్థం కాకపోయినా నలుగురు గొంతులు కలిపి పాడుతుంటే పెద్దవాళ్ళు హాయిగా కూర్చుంటారు, పైగా చల్లగాలి నుంచి లోపల ఓ గంట విశ్రాంతి.

రైడ్ల గురించి పెద్దగా చెప్పను, బాబే మీకు చెప్తాడు. ప్రతి రైడ్ ముందు ఎత్తు కొలుస్తారు. ఫైర్‌చేజర్ ఎక్స్‌ప్రెస్‌కి 39 అంగుళాలు ఉండాలి, వైల్డ్ ఈగిల్‌కి 50. ఇంట్లోనే గోడ దగ్గర నిలబెట్టి కొలుచుకుని వెళ్ళండి. వరసలో ముప్పావుగంట నిలబడ్డాక వెనక్కి పంపితే పిల్లల ఏడుపు చూడలేం. పాప కోసం 2019లో తెరిచిన వైల్డ్‌వుడ్ గ్రోవ్ బాగుంటుంది, ఒకటి రెండు రైడ్లు చాలు.

తిండి. అమ్మగారి విషయంలో ఇది కాస్త జాగ్రత్తగా చదవండి. ఇక్కడి దక్షిణాది వంటల్లో చూడటానికి కూరగాయల్లా కనిపించే చాలావాటిలో పంది మాంసం ఉంటుంది. బీన్స్, ఆకుకూర, చిక్కుడు గింజలు, అన్నీ బేకన్‌తోనో హ్యామ్ ముక్కతోనో ఉడికిస్తారు. "శాకాహారమా" అని అడిగితే అవునంటారు, ఎందుకంటే పైకి ముక్క కనపడదు. "ఇందులో మాంసం గానీ, మాంసం రసం గానీ వేశారా" అని విడమర్చి అడగండి. మా పిన్ని ఒకసారి ప్లేటులో సగం తిన్నాక తెలిసి రెండు రోజులు బాధపడింది. అడగాల్సింది నేను, అడగలేదు.

మేం ఇప్పుడు పులిహోర, పెరుగన్నం, మాగాయ కారులోనే పెట్టుకెళ్తాం. చేతికి ముద్ర వేయించుకుని ఐదింటికి బయటికొచ్చి, కారు డిక్కీ తెరిచి, అక్కడే కూర్చుని తిని మళ్ళీ లోపలికి వెళ్తాం. పెద్దవాళ్ళకి ఆ అరగంటే పెద్ద విశ్రాంతి. లోపల అందరూ ఎగబడేది గ్రిస్ట్ మిల్‌లో అమ్మే దాల్చినచెక్క రొట్టెకి. నీటి చక్రంతో నడిచే పాతకాలపు మిల్లు అది. రొట్టెకి గాట్లు పెట్టి, వెన్నలో ముంచి, దాల్చినచెక్క, చక్కెర అద్ది కాలుస్తారు. వేడివేడిగా చింపుకుని తినాలి. ఆ వాసన మిల్లు మలుపు తిరగకముందే తగులుతుంది. గుడ్డు కూడా తినరంటే కౌంటరులో కనుక్కుని ఇవ్వండి.

ఇక దీపాలు. ఆరున్నరకల్లా వైల్డర్‌నెస్ పాస్ దగ్గర చోటు చూసుకుని కూర్చోండి. పాపకి టోపీ, స్వెట్టరు, పెద్దవాళ్ళకి శాలువాలు ఇప్పుడే తీయండి. పగలు 70 డిగ్రీల ఫారన్‌హీట్ ఉన్నా, కొండల వెనక పొద్దు దిగగానే చలి ఒక్కసారిగా తగులుతుంది, రాత్రి 50 లోపుకి పడిపోతుంది. ఖమ్మం వాళ్ళకి అది మాఘమాసం చలికంటే ఎక్కువే. ఆ ఇరవై నిమిషాలు ఎటూ కదలకండి. ఆకాశం నీలంగా ఉన్నప్పుడే కాయలు ఒక్కొక్కటే ఎర్రబడుతున్నట్టు కనిపిస్తాయి. మనవైపు కార్తీక దీపాలు వెలిగించే వేళ ఎలా ఉంటుందో అలాంటి వేళ అది. పూర్తిగా చీకటి పడ్డాక వచ్చిన వాళ్ళకి ఈ మార్పు దక్కదు.

పాప భయపడదు. ఇక్కడ అక్టోబరు 31న వచ్చే హాలోవీన్ పండుగ అంటే నెత్తుటి బొమ్మలు, చీకట్లో మీదికి దూకే మనుషులు ఉండే పార్కులు వేరే ఉన్నాయి. డాలీవుడ్ వాళ్ళు అలా చేయరు, దీన్ని పిల్లాపాపలతో వచ్చే కుటుంబాల కోసమే పెడతారు. జనం, శబ్దం ఎక్కువై పాప గాభరాపడితే ప్రశాంతంగా కూర్చోబెట్టడానికి ప్రత్యేకంగా ఒక గది ఉంది, 2016లో పెట్టారు. ఆటిజం ఉన్న పిల్లలున్న మా స్నేహితురాలికి ఆ గది వల్లే పండుగ మొత్తం చూడటం కుదిరింది.

ఒక్క కాయ దగ్గర మాత్రం అమ్మగారిని ఆపండి. దూరం నుంచి అన్నీ ఒకలాగే ఉంటాయి. దగ్గరికెళ్తే చెక్కడంలో రెండు రకాలు తెలుస్తాయి. కొన్నిచోట్ల పూర్తిగా కోసేసి కన్నం పెడతారు, అక్కడ వెలుగు తెల్లగా వస్తుంది. కొన్నిచోట్ల పైతోలు మాత్రమే గీకి వదిలేస్తారు, అక్కడ తేనె రంగులో మసకగా వస్తుంది. ఈ రెండిటితోనే పువ్వు రేకులో నీడ, గుడ్లగూబ రెక్కలో ఈకలు తీసుకొస్తారు. తాకితే తెలుస్తుంది, చాలామటుకు అసలు కాయలు కావు. అసలు కాయలు చెక్కితే అన్ని వారాలు ఆగవు కదా. బతుకమ్మ పేర్చిన చేతులు కాబట్టి అమ్మగారికి ఆ పనితనం ఇట్టే అందుతుంది. అక్కడ గుమ్మడి పువ్వుతో గౌరమ్మని చేసే రోజుల్లోనే ఇక్కడ గుమ్మడికాయలో దీపం పెడుతున్నారు. ఐర్లాండులో, స్కాట్లండులో ఒకప్పుడు టర్నిప్ దుంపల్ని తొలిచి దీపం పెట్టేవాళ్ళు. ఆ వలస జనం ఇక్కడికి వచ్చాక ఈ నేల మీద పండే పెద్ద గుమ్మడికాయ దొరికింది. గుమ్మడి పుట్టిల్లు అమెరికా ఖండమే. మన దప్పళంలో తియ్య గుమ్మడి కూడా ఇక్కడి నుంచి సముద్రం దాటి వచ్చిందే.

తిరిగి వచ్చేటప్పుడు మూసేవేళ దాకా ఉండకండి. పార్కింగు దాకా తీసుకెళ్ళే బండ్ల దగ్గర అందరూ ఒక్కసారే వరస కడతారు. ఎనిమిదిన్నరకి కదలండి. కారు ఏ అక్షరం లాటులో పెట్టారో దిగగానే ఫోటో తీసుకుని ఉంచండి. మర్నాడు ఇంటికెళ్ళేటప్పుడు గాట్లిన్‌బర్గ్ మీదుగా యూఎస్ 441 పట్టుకుని స్మోకీ కొండలు దాటి చెరోకీ వైపు దిగండి, అదీ అట్లాంటా దారే. ఆ దారిలో దాటే న్యూఫౌండ్ గ్యాప్ అనే కనుమ 5,046 అడుగుల ఎత్తు. అక్టోబరు మధ్యలో పైన ఆకులు రంగు తిరిగి ఉంటాయి, కింద ఇంకా పచ్చగా ఉంటాయి. ఆ కొండలున్న నేషనల్ పార్కుకి ప్రవేశ రుసుము లేదు గానీ 2023 నుంచి పావుగంట కంటే ఎక్కువసేపు కారు ఆపితే పార్కింగు ట్యాగు కొనాలి, రోజుకి 5 డాలర్లు. ఆ రోడ్డు పగటిపూటే వెళ్ళండి, మలుపులు ఎక్కువ. పాపకి కారులో కడుపు తిప్పే అలవాటుంటే ముందే చూసుకోండి.

గుమ్మడికాయలు తెచ్చుకోండి, దారిలో పొలాల దగ్గర అమ్ముతారు. చెక్కడానికి అమ్మే పెద్దవి కూరకి పనికిరావు, నీరెక్కువ, రుచి ఉండదు. వండుకోవడానికి చిన్నగా, బరువుగా ఉండే పై పంప్‌కిన్ (pie pumpkin) అడిగి తీసుకోండి. దప్పళానికి బటర్‌నట్ అనే గుమ్మడి రకం ఇంకా బాగుంటుంది. చెక్కినది వారం కంటే ఆగదు, హాలోవీన్‌కి మూడు నాలుగు రోజుల ముందు చెక్కండి. నిండు గుమ్మడికాయని ఆడవాళ్ళు మొదట కొయ్యకూడదనే పట్టింపు మీ ఇంట్లోనూ ఉంటే కత్తి ముందు నాన్నగారికి ఇవ్వండి. మా అత్తయ్యగారు మావారి చేత ఒక గాటు పెట్టించాకే కాయ దగ్గరికి వచ్చారు. ఆ తర్వాత కన్నూ ముక్కూ గీసి, తొలిచి, దీపం పెట్టింది మొత్తం ఆవిడే. తీసిన గింజలు కడిగి, ఉప్పూ కారం పట్టించి ఓవెన్లో వేయించారు. వారం రోజులు పిల్లల బడి డబ్బాల్లో అవే.